ఆరోగ్యం రొట్టె

వెంకటశేషమ్మకు రక్తం పట్టిన సంగతి ఆమెకన్నా ముందు ఊరికి తెలిసింది. "ఏందిమే శేషమ్మా, మూతి ఎర్రబడింది, తాంబూలం గాని ఏసినావా?" అని ఒకరు, "ఏం తిని తెచ్చినావే ఈ రంగు, మాక్కూడా రొంత పెట్టు" అని ఇంకొకరు. కుండలెత్తుకుని ఇసక గట్టు ఎక్కుతుంటే వెనకనుంచి ఎవరో ఒకరు అననే అంటారు. ఆమె వాళ్ళను కసిరినట్టు చూసి, ఇంటికొచ్చి తలుపు దగ్గరికేసి అద్దం చూసుకునేది.

ఊరంటే మహా ఊరేం కాదు. మైపాడుకు ఇవతల, ఉప్పుకాలవ దాటాక, సర్విచెట్ల మధ్య ఉన్న దొరువులపాళెం. అక్కడ ఇంటికో దొరువు. దొరువంటే బావీ కాదు, చెరువూ కాదు. ఇసకలో వెడల్పుగా గొయ్యి తవ్వితే అడుగున చేరే నీళ్ళు. ఏటవాలుగా లోపలికి దిగి, రెండు కుండలు ముంచుకుని, మళ్ళీ పైకెక్కి మళ్ళకు పోయాలి. శేషమ్మ చేసే పని అదే. తోటకూర, చుక్కకూర, గోంగూర, కొత్తిమీర. పొద్దున నీళ్ళు పోయడం, సాయంత్రం కోసి కట్టలు కట్టడం, మర్నాడు గంపనెత్తుకుని మైపాడు బజారుకు పోవడం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ కూరల్లో పడే ఆకంతా ఆమె చేతి నీళ్ళు తాగిందే. ఆమె మాత్రం మజ్జిగన్నంలో మాగాయ ముక్క నంజుకుని లేచేది. లేత ఆకు అమ్మడానికి, ముదురు కాడలు ఇంటికి. "ఆకు అమ్ముకునేదానివి, ఆకు తినవేందిమే" అని మొగుడు మాల్యాద్రి ఎగతాళి చేస్తే, "అమ్మేది తింటే ఇంక అమ్మేదేంది?" అని నోరు మూయించేది. మాల్యాద్రి నోరు తేలిగ్గానే మూతపడుతుంది. మంచివాడు.

నిరుడు ఇదే రోజుల్లో ఆ ఎర్రటి మూతి సున్నం కొట్టినట్టు ఉండేది. ఆఖరి కాన్పులో పోయిన రక్తం తిరిగి చేరలేదు. పైగా నెలనెలా పోతూనే ఉండేది. ఎప్పుడూ తడి ఇసకలో ఒట్టికాళ్ళతో నిలబడే పని కాబట్టి, అరికాళ్ళలోంచి దూరి పేగుల్లో చేరే పురుగులు మిగిలిన కాస్తా తాగాయి. రెండు కుండలతో గట్టెక్కలేక ఒక్కటే తెచ్చేది. ఆ ఒక్కదానితోనే మధ్యలో కూలబడి, గుండె దడ తగ్గేదాకా సముద్రం వంక చూస్తూ కూర్చునేది. చెప్పుకోడానికి సిగ్గయిన సంగతి ఇంకొకటి ఉంది. ఆమెకు మట్టి తినాలనిపించేది. పచ్చిబియ్యం బొక్కేది. బియ్యం చేతికందకపోతే పగిలిన కుండపెంకు నోట్లో వేసుకుని చప్పరించేది. తొలివాన చినుకులు పడి ఇసక వాసన లేస్తే అందరికీ హాయిగా ఉంటుంది, ఆమెకు మాత్రం నోరూరేది.

ఈ గుట్టు కనిపెట్టింది ముంతాజ్ బేగం. మైపాడులో ఉంటుంది. ఆమె భర్త మీరావలి ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాడు. రోజూ శేషమ్మ దగ్గర ఆకు కొంటూ, రోజూ కట్ట చిన్నదని తగువు పడుతూ, ఆ తగువులోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది. వయసులో ముంతాజ్ పెద్దది కాబట్టి శేషమ్మ ఆమెను అక్కా అంటుంది. ఒకరోజు గంప పక్కన కూర్చున్న శేషమ్మ దవడ ఆడుతుండడం చూసి, బుగ్గ పట్టి నోరు తెరిపించి, పెంకు ముక్క బయటికి లాగింది ముంతాజ్.

"యా అల్లా! చిన్న పిలకాయవా నువ్వు? పెంకులు తింటా ఉంటే నువ్వు బతకతావా?"

ఆ వారమే మొహర్రం. నెల్లూరులో పన్నెండుమంది అమరవీరుల దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. కోరిక ఉన్నవాళ్ళు ఒక వైపునుంచీ, నిరుడు కోరుకున్నది కుదిరినవాళ్ళు ఇంకోవైపునుంచీ నీళ్ళలో దిగుతారు. కుదిరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కావలసినవాళ్ళు పుచ్చుకుంటారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్యం రొట్టె. సాయిబులూ హిందువులూ అని లేదు, అందరూ తల మీద కొంగు కప్పుకుని మోకాటి లోతు నీళ్ళలో నిలబడేవాళ్ళే. ముంతాజ్ ఆమెను చెయ్యి పట్టి తీసుకుపోయింది. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక ముసలామె ఆరోగ్యం రొట్టె శేషమ్మ చేతిలో పెట్టి, "నాకు మోకాళ్ళు కుదిరినాయి తల్లా. నీకూ కుదరతాది. కుదిరినాక ఇట్నే వచ్చి ఇంకొకరికి ఇయ్యి" అంది. శేషమ్మ ఆ రొట్టె తిని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. అంత నీరసంలో ఏడవడానికి ఓపిక ఎక్కడిదని తర్వాత ముంతాజ్ ఏడిపించింది.

ముంతాజ్‌కు దేవుడి మీద ఎంత నమ్మకమో డాక్టర్ల మీదా అంతే. "రొట్టె తీసుకున్నావు, ఇంక మందు తీసుకో" అని అటునుంచి అటే ఆడవాళ్ళ ఆస్పత్రికి లాక్కుపోయింది. డాక్టర్ కృపావతి గారు కనురెప్ప కిందికి లాగి చూసి, గోళ్ళు చూసి, వేలు పొడిచి రక్తం తీసి చూసి, "ఈ రక్తంతో నువ్వు కుండలు మోస్తున్నావా?" అని కుర్చీలో వెనక్కి వాలారు. పురుగులకు మందు ఇచ్చారు. ఆకుపచ్చ బిళ్ళలు ఇచ్చి, అవి ఇనుము బిళ్ళలని చెప్పారు.

"ఇనుమా? నేనేమన్నా గడ్డపారనా డాక్టరమ్మా, ఇనుముతో చేసేదానికి?"

"రక్తం ఎర్రగా ఉండేది ఇనుము వల్లే. అన్నం తిన్నాక మింగు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకు. చెప్పులు కొనుక్కో."

చెప్పులు కొన్నది. ఇసకలో అవి కాలికన్నా ముందు నడుస్తున్నాయని చూరులో పెట్టింది. బిళ్ళలు మాత్రం మానకుండా మింగింది. కడుపులో మంటా, నోట్లో తుప్పు రుచీ ఓర్చుకుంది. వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి మనిషి మనిషయింది. డాక్టరమ్మ మళ్ళీ వేలు పొడిచి చూసి, "భేష్! రక్తం సరిపోయింది" అని నవ్వి, ఆ నవ్వుతోనే ఇంకో డబ్బాడు బిళ్ళలు చేతిలో పెట్టారు. "ఇవి ఉగాది దాటేదాకా మింగాలి. రక్తం నిండితే చాలదు, ఒంట్లో నిలవ చేరాలి."

"రక్తం సరిపోయింది" అన్న మాట శేషమ్మ రెండు చెవులతోనూ విన్నది. తర్వాతి మాటకు ఆమె చెవులు ఖాళీగా లేవు.

ఆ రోజు ఇల్లు చేరి, బిళ్ళల డబ్బా చేతిలో పెట్టుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించింది. మొహర్రానికి పోయి రొట్టె ఇవ్వాలి. కుదిరినవాళ్ళే ఇవ్వాలి. కుదరనివాళ్ళు ఇస్తే అది రొట్టె కాదు, ఒట్టి పిండి అని ముంతాజే చెప్పింది. ఒక పక్క మందు మింగుతూ ఇంకో పక్క నాకు కుదిరిందని చెరువులో నిలబడితే అది అబద్ధం కాదా? ఆ దర్గాలో పడుకున్న మహానుభావులకు తెలియదా, ఈమె ఇంట్లో ఇంకా బిళ్ళల డబ్బా ఉందని? ఎవరో కన్నబిడ్డ కోసమో తల్లి కోసమో ఆ రొట్టె పుచ్చుకుంటారు, అది ఫలించకపోతే ఆ పాపం ఎవరిది? నోటితో చెప్పిన మాట తప్పని మనిషి శేషమ్మ. కట్టలో ఆకు తక్కువ పెడుతుందేమో గాని మాట తక్కువ పెట్టదు. అందుకని మందు మానేసింది. డబ్బా మూత బిగించి, అటక మీద పాత చింతపండు కుండలో వేసింది.

కడుపులో మంట కూడా ఆ రోజుతో తగ్గిందనుకోండి. అందువల్ల ఈ ధర్మం ఆమెకు మరింత ధర్మంగా తోచి ఉండవచ్చు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. శేషమ్మ ఆ మాట తన బంధువుల మీద చాలాసార్లు వాడింది గాని, ఆకుపచ్చ బిళ్ళలు కూడా మల్లయ్యలే అని ఆమెకు తోచలేదు.

చలి పోయింది, ఎండలు ముదిరాయి. శేషమ్మ మూతి ఎర్రగానే ఉంది. ఊరివాళ్ళు మెచ్చుకుంటూనే ఉన్నారు. మనిషికి మాత్రం ఏదో తగ్గింది. తగ్గిందని చెప్పడానికి రోగం కనిపించదు. రెండు కుండలూ మోస్తోంది, కాని మోశాక ఇంకో రెండు మోయాలన్న ఉత్సాహం లేదు. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. పడుకుంటే కాళ్ళు ఒకచోట నిలవవు. చిన్నదానికీ పెద్దదానికీ మాల్యాద్రి మీద విసుక్కునేది. "ఎండలు గదా" అని అతను సర్దుకునేవాడు. "ఎండలు గదా" అని ఆమె కూడా అనుకుంది. మొహర్రం నెలవంక కనిపించింది. ఆరోగ్యం రొట్టె ఇవ్వబోతున్న మనిషి, తనకు బాగాలేదని తనకైనా ఎట్లా చెప్పుకుంటుంది?

పండగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ముంతాజ్ ఇంటికి పోయింది, రొట్టెల పిండి సంగతి మాట్లాడడానికి. ముంతాజ్ చాటలో బియ్యం ఏరుతోంది. శేషమ్మ ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగింది. గోధుమలు ఎక్కడ మర పట్టించాలి, ఎన్ని రొట్టెలు చేయాలి, చీర ఏది కట్టాలి అని మాటలు సాగుతున్నాయి. ముంతాజ్ ఉన్నట్టుండి మాట ఆపి, ఆమె వైపే చూసింది.

"నోట్లో ఏంది?"

శేషమ్మ నమలడం ఆపేసింది. అప్పటిదాకా తను నములుతున్నట్టు ఆమెకే తెలియదు. తన ముందున్న బియ్యం కుప్పలో ఒక మూల గుంట పడి ఉంది.

"ఊరికే అక్కా. రెండు గింజలు."

"రెండు గింజలా? ఆడ చెయ్యి పట్టే గుంట పడింది. మళ్ళీ మొదులుపెట్టినావా?" ముంతాజ్ చాట పక్కకు తోసింది. "మందు మింగతుండావా, లేదా? నా మొహం చూసి చెప్పు."

శేషమ్మ ఆమె మొహం చూడకుండానే చెప్పింది. చింతపండు కుండ సంగతీ, రొట్టె సంగతీ, అబద్ధం సంగతీ. ముంతాజ్‌కు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

"రొట్టె కోసరం మందు మానినావా? అది ఆరోగ్యం రొట్టె గదే! నా మొగుడు కళాయి ఏసిన గిన్నె మాదిరుండావు నువ్వు, పైన పటారం, లోన లొటారం. లెయ్. రేపు మొదటి బస్సుకి పోతుండాం."

డాక్టరమ్మ వేలు పొడిచి రక్తం చూశారు. శేషమ్మ ఆవిడ మొహంకేసి చూస్తోంది.

"రక్తం బాగానే ఉందే," అన్నారు డాక్టరమ్మ.

శేషమ్మ ముంతాజ్ వైపు తిరిగి, "ఇన్నావా?" అన్నట్టు తల ఎగరేసింది. ముంతాజ్ ఆ తల ఎగరేయడాన్ని పట్టించుకోకుండా బియ్యం సంగతి చెప్పింది, వెంట్రుకల సంగతి చెప్పింది, చింతపండు కుండ సంగతి కూడా దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తిడతారనుకుంది శేషమ్మ. ఆవిడ తిట్టలేదు.

"చూడు శేషమ్మా. ఒంట్లోకి వచ్చిన ఇనుమంతా ముందు రక్తానికే పోతుంది. రక్తానికి సరిపోయాక మిగిలింది కాలేయంలో, ఎముకల మూలుగలో నిలవ చేరుతుంది. నువ్వు రక్తం నిండగానే మందు ఆపేశావు. నిలవకు ఏమీ మిగల్లేదు. నెలనెలా పోయేది పోతూనే ఉంది. ఇప్పటికి రక్తం నిలబడింది గాని, దాని వెనకాల ఏమీ లేదు. ఆ లేకపోవడమే నీ చేత బియ్యం తినిపిస్తోంది."

"ఆ నిలవ చూసేదానికి ఏమన్నా ఉండాదా డాక్టరమ్మా? వేలు పొడిస్తే తెలవదా?"

"వేలు పొడిస్తే తెలియదు. దానికి వేరే పరీక్ష ఇంకా రాలేదు, ఎముకలో సూది దించి మూలుగ తీసి చూడాలి. నీకు ఆ బాధ ఎందుకు? బిళ్ళలు మింగు, మూడు నాలుగు నెలల్లో అదే తెలుస్తుంది."

శేషమ్మకు ఎముకలో సూది మాట వినగానే తక్కిన మాటలన్నీ చెదిరిపోయాయి. ఒక్కటి మాత్రం అడగకుండా లేవలేకపోయింది. "అయితే నాకు కుదిరినట్టా, కుదరనట్టా?"

డాక్టరమ్మ కాస్త ఆలోచించి, "కుదురుతోంది" అన్నారు.

బస్సులో దారి పొడుగునా శేషమ్మ ఆ మాటనే తిట్టుకుంది. కుదిరిందంటే రొట్టె ఇస్తుంది. కుదరలేదంటే రొట్టె పుచ్చుకుంటుంది. కుదురుతోందనే వాళ్ళు ఏ వైపునుంచి నీళ్ళలో దిగాలి? పండగ ఇంకా నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఇవ్వకపోతే నాయుడుపేట ముసలామెకు ఒప్పుకున్న మాట తప్పినట్టు. ఇస్తే లేని ఆరోగ్యం పంచినట్టు. పాలిపోయి ఉన్న రోజుల్లో కూడా ఆమెకు ఇంత దిగులు పుట్టలేదు. డబ్బా ఇంకా అటక మీదే ఉంది. నిలవ అనే మాట ఆమెకు ఇంకా తలకెక్కలేదు. రక్తం కళ్ళకు కనిపిస్తుంది. కనిపించని ఇనుము ఎక్కడో మూలుగలో లేదంటే, ఏమని నమ్మేది?

ఆ రాత్రి మృగశిర కార్తె వాన పడింది. ఉరుములూ గాలీ, కుండపోతగా కురిసి తెల్లవారేసరికి వెలిసింది. శేషమ్మ లేచి పోయేసరికి మాల్యాద్రి దొరువు గట్టు మీద చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి, పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. నెల రోజులుగా అడుగున చెంబెడు నీళ్ళు కనిపిస్తున్న దొరువు అంచుదాకా నిండి ఉంది. అందులో మబ్బులు కూడా కనిపిస్తున్నాయి.

"చూసినావా మే! ఇంక దిగే పనే లేదు, వొంగి ముంచుకోవడమే. ఈ పక్క ఖాళీగా ఉండే రెండు మళ్ళూ దున్నేస్తా, కొత్తిమీర చల్లేద్దాం."

శేషమ్మ అతని వంక జాలిగా చూసింది. సర్వితోటలో పనిచేసే మనిషి, దొరువు సంగతి అతనికేం తెలుసు.

"దీన్ని చూసి మడి పెడతావా? ఇదంతా పైనీళ్ళు. ఇసక ఎండి బొగ్గయి ఉంటే ఈ నీళ్ళు ఎంతసేపు నిలస్తాయి? మజ్జానానికి చూడు, అడుగు కనపడతాది. చుట్టూ ఉండే ఇసక కడుపు నిండాల. అది నిండితేనే ఊట. ఊట ఉంటే నువ్వు ఎన్ని కుండలు ముంచినా పొద్దునకి మళ్ళా అంతే ఉంటాది. ఊట లేకుండా దొరువు నిండితే..."

అక్కడ ఆగిపోయింది.

"నిండితే ఏంది?" అన్నాడు మాల్యాద్రి.

శేషమ్మ వంగి దొరువులోకి చూసింది. నీళ్ళలో తన మొహం కనిపించింది, ఎర్రటి మూతితో సహా. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటిగా వచ్చి వాటి చోట్లో అవి కూర్చున్నాయి. చిన్నప్పటినుంచీ ఈ గోతిలోకి దిగి ఎక్కుతున్న మనిషికి ఇది తెలియడానికి ఇన్నాళ్ళు పట్టిందే అని తనమీద తనకే నవ్వొచ్చింది. గట్టు మీద కూర్చుని నవ్వింది. మాల్యాద్రి కంగారుపడి, "ఏమయిందిమే? దడగా ఉండాదా?" అని భుజం పట్టుకున్నాడు. పాపం, నిరుడంతా ఆ గట్టు మీదే ఆమె అట్లా కూర్చోవడం చూసినవాడు.

"ఏం లేదు. అటక మీద చింతపండు కుండ దించు పో."

ఆ రోజు అన్నం తిన్నాక మొదటి బిళ్ళ మింగింది. పాత తుప్పు రుచే. తోటకూర కూడా వండింది, లేత ఆకు, గంపలోంచి తీసి. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే దొరువు సగానికి దిగింది. సాయంత్రానికి అడుగు కనిపించింది. మాల్యాద్రి మళ్ళు దున్నలేదు.

నిలవ సంగతి తేలింది గాని రొట్టె సంగతి తేలలేదు. తేలకపోగా ఇంకా బిగిసింది. ఇప్పుడు తనకు పూర్తిగా కుదరలేదని ఆమెకు ఖాయంగా తెలుసు. పండగ ముందురోజు ముంతాజ్ ఇంట్లో పిండి పిసుకుతూ, "అక్కా, నేను ఇయ్యను. ఈ తూరి కూడా పుచ్చుకుంటా" అంది. ముంతాజ్ పెనం మీద రొట్టె తిరగేసి, "చేసేది చెయ్యి, తీసుకొచ్చేది తీసుకురా. నీళ్ళలో దిగినాక చూసుకుందాం" అని ఊరుకుంది. శేషమ్మ ఒకే ఒక్క రొట్టె ఒత్తింది. అంచు మాడకుండా, బూడిద అంటకుండా, తన పెళ్ళిలో కూడా అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

నెల్లూరు బండ్లతో నిండిపోయింది. బస్సు దిగినప్పటినుంచీ జనంతో పాటు నడవడమే, దారి అడగాల్సిన పని లేదు. ఎండాకాలం కావడంతో చెరువులో నీళ్ళు గట్టుకు దూరంగా జరిగి ఉన్నాయి. సాంబ్రాణి పొగ, పిల్లల ఏడుపులు, "సంతానం రొట్టె ఎవురికమ్మా", "పెళ్ళి రొట్టె, పెళ్ళి రొట్టె" అనే కేకలు. శేషమ్మ రొట్టెను కొంగులో చుట్టుకుని ముంతాజ్ చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగింది. ఎవరివైపూ చూడకుండా తలవంచుకుని నిలబడింది. పుచ్చుకునే వాళ్ళలో కలవాలని చూసింది. నాయుడుపేట ముసలామె కనిపిస్తే ఏం చెప్పాలో కూడా తయారుగా పెట్టుకుంది.

ముసలామె కనిపించలేదు. ఒక పడుచు పిల్ల జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, చంకలో పాలు తాగే బిడ్డ. వచ్చింది పెద్ద దూరం కాదు గాని అంతకే రొప్పుతోంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. దవడ మెల్లగా కదులుతోంది.

"ఆరోగ్యం రొట్టె నీ దగ్గిర ఉండాది గదక్కా? నీ మొహం చూస్తేనే తెలస్తా ఉండాది, నీకు కుదిరిందని. నాకియ్యవా?"

శేషమ్మ చెయ్యి కొంగు మీదే ఉండిపోయింది. లేదని చెప్పాలి. కాని ఆ పిల్ల వచ్చింది తన ఎర్రటి మూతిని చూసి. లేదంటే నమ్మదు. ఉందంటే ఆ రంగు రాగానే ఈ పిల్ల కూడా డబ్బా మూత బిగించి అటకెక్కిస్తుంది.

"ఏ ఊరు మీది?"

"తడ అవతల."

"నోట్లో ఏముండాది?"

ఆ పిల్ల గబుక్కున మింగేసి, "ఏం లేదక్కా" అంది. గొంతులో గింజలు అడ్డం పడి దగ్గింది. శేషమ్మకు తనను తాను నిరుటి నీళ్ళలో చూసుకున్నట్టయింది. ఇంక ఇవ్వాలా వద్దా అన్న తగువే లేకుండా పోయింది. కొంగులోంచి రొట్టె తీసింది. రెండుగా తుంచింది.

పక్కనే ఉన్న ఆడవాళ్ళు చూసి, "అయ్యో, తుంచకూడదమ్మా" అన్నారు. ముంతాజ్ వాళ్ళకేసి చెయ్యి చూపించి, మాట్లాడొద్దన్నట్టు ఆపింది.

"ఇదిగో, ఇది నీది," అని శేషమ్మ ఒక సగం ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఇది నాది. నాకు సగమే కుదిరింది. అబద్ధం చెప్పను. నీక్కూడా ఇట్నే మూతి ఎర్రబడతాది, ఊరంతా మెచ్చుకుంటాది. అప్పుడు కుదిరిందనుకోబాక, మందు మానబాక. వచ్చే మొహర్రానికి ఇద్దరం ఈడే నిలబడి నిండు రొట్టెలు ఇద్దాం."

ఆ పిల్ల రొట్టె సగం కేసీ ఆమె కేసీ చూసింది. "మూతి ఎర్రబడినాక మందెందుకక్కా?"

"మీ ఊళ్ళో దొరువులుండాయా?"

"మా ఇంటెనకాలే ఉండాది."

"అయితే గట్టుకు రా, చెప్తా. ముందు తిను."

ఆ పిల్ల తింది. శేషమ్మ కూడా తన సగం తింది, మెల్లగా, చివరి ముక్కదాకా. తర్వాత కొంగు ముడి విప్పి, ఇంతకాలం ఏ మహానుభావుల కంటా పడకూడదని దాచిందో ఆ ఆకుపచ్చ బిళ్ళను అరచేతిలో పెట్టుకుంది. ముంతాజ్ భుజానికి తగిలించుకున్న మరచెంబు అందించింది. అంతమంది చూస్తుండగా, దర్గా ఎదురుగా, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి శేషమ్మ బిళ్ళ మింగింది.

"రొట్టె మీద మింగితే కడుపులో మండదు," అని ఆ పిల్లకు చెప్పింది.